సున్నానికి లొంగని ముగ్గు

రెండు వేల ఇరవై మూడు, కార్తీక మాసం వెళ్ళి చలి ముదిరిన రోజులు. ఏలూరులో ఎముకలకూ వెన్నుపూసకూ ఆపరేషన్లు చేసే ఒక ఆసుపత్రిలో నేను థియేటర్ ఆయాని. థియేటర్ అంటే ఆపరేషన్ గది. మనిషిని లోపలికి పంపే ముందు కోత పడే చోట వెంట్రుకలు తీసి, మందు సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి సిస్టరుగారికి అప్పజెప్పాలి. దాన్ని ప్రెప్ అంటారు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ ఇలాంటి మాటలన్నీ వినీ వినీ నోటికి పట్టేశాయి. జీతం లేని ఉద్యోగం ఇంకొకటి కూడా నాకు ఉంది. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విప్పించడం. డాక్టరుగారి మావగారినైనా వదిలేదాన్ని కాదు.

రత్నాన్ని మొదటిసారి చూసింది ఆ గుమ్మం దగ్గరే. నలభైకి అటూ ఇటూ ఉంటుంది. గోడ పట్టుకుని వస్తోంది. కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. నాలుగడుగుల వెనక ఆమె భర్త ఏడుకొండలు ఆ ఎడమ చెప్పు చేత్తో పట్టుకుని వస్తున్నాడు.

"ఒకటి విప్పి ఒకటి ఉంచావేంటమ్మా?" అని కసురుకున్నాను.

"నేను విప్పలేదండి పిన్నిగారూ. ఎక్కడ జారిపోయిందో నాకు తెలీదు. ఈయన వెనకాల ఏరుకొస్తా ఉంటారు" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను గానీ అది నవ్వే సంగతి కాదని అప్పటికే ఎన్నో ఏళ్ళ పని నాకు నేర్పింది. చెప్పు జారిపోయినా తెలియట్లేదంటే పాదానికి స్పర్శా బలమూ తగ్గిపోతున్నాయన్నమాట.

వాళ్ళది కొల్లేరు ఒడ్డున ఊరు. చేపల చెరువులో పట్టుబడి రోజున, అంటే వలలు లాగి చేపలన్నీ పట్టే రోజున, చేపలు ఏరడం, ఐసు కొట్టి వేయడం, నిండిన ట్రేలు లారీకి అందించడం రత్నం పని. నడుం అక్కడే దెబ్బతింది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ ఉంటుంది, డిస్క్ అంటారు. అది పక్కకు జారి కాల్లోకి దిగే నరాన్ని నొక్కేస్తోంది. ఆలస్యం చేస్తే పాదంలో పోయిన బలం తిరిగి రాకపోవచ్చునని డాక్టరుగారు చెప్పారు. గట్టు మీద నడవలేని ఆడమనిషికి ఆ ఊళ్ళో పని ఎవరిస్తారు? అందుకని రత్నం ఆపరేషన్‌కి సరేనంది. ఇంట్లో వాళ్ళు మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. వెన్ను మీద కత్తి పడితే మనిషి మంచానికి అంటుకుపోతుందని అత్తగారి భయం.

ఇంకో అడ్డం కూడా ఉంది. రత్నానికి పదకొండో పన్నెండో ఏట నాట్లలో వంగి వంగి నడుం నొప్పి వస్తే, వాళ్ళ మామ్మ ఊళ్ళోకి వచ్చిన పచ్చబొట్లావిడ చేత నడుం మీద ముగ్గు పొడిపించింది. మా వైపు పాతకాలం వాళ్ళు నొప్పి ఉన్న చోట పచ్చబొట్టు పొడిపించేవారు. మోకాలి మీద చుక్కలున్న ముసలమ్మలను నేను చాలామందిని కడిగాను. నడుం మీద ముగ్గు మాత్రం రత్నానికే చూశాను. స్కాన్ రోజున గౌను కట్టబెడుతుంటే కనబడింది. వరసలు వరసలుగా చుక్కలు, వాటిని చుట్టి మెలిక గీతలు, సరిగ్గా వెన్ను మధ్యలో. సంక్రాంతికి వాకిట్లో పెట్టే ముగ్గుకి తీసిపోదు.

ఆపరేషన్ రోజు పొద్దున ప్రెప్ చేయడానికి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. చీర కుచ్చెళ్ళు దించితే నడుం నిండా పసుపు ముద్ద అద్ది ఉంది. తడిగుడ్డతో తుడిచాను. ముగ్గు లేదు. ముగ్గు ఉన్న చోట తోలు లేచిపోయి ఎర్రగా, పచ్చిగా ఉంది. అంచుల్లో తెల్లగా సున్నం పెచ్చు కట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"ఏం లేదండి. ఎండకు పేలింది."

"ఈ చలికాలంలో ఏం ఎండ? సున్నం రాశావా?"

గోడ వైపు చూస్తూనే మెల్లగా చెప్పింది. స్కాన్ తీసే అతను పచ్చబొట్టు ఉందా అని అడిగి, అక్కడ వేడెక్కినట్టు ఉంటే బెల్లు నొక్కమన్నాడట. మత్తు డాక్టరమ్మగారు నడుం చూసి, ఇక్కడ సూది ఎక్కడ వెయ్యాలో ఆలోచించాలి అన్నారట. ఆ రెండూ కలుపుకుని ఇంటికి పోతే, ఎదురింటావిడ మూడోది కలిపింది. పచ్చబొట్టు మీద సూది వేస్తే ఆ నలుపు వెన్నులోకి దిగి మనిషి పోతుంది, అందుకే డాక్టర్లు వెనక్కి పంపేస్తారు అని. వెనక్కి పంపితే అత్తగారు మళ్ళీ రానివ్వదు. అందుకని సున్నంలో జిల్లేడు పాలు కలిపి ముగ్గు చెరుపుకోవాలని చూసింది. ఎవరూ చూడకుండా చెయ్యి వెనక్కి పెట్టి తనే రాసుకుంది. మంటకు కొంగు నోట్లో కుక్కుకుందట.

"మీరు ఆ ఎర్రమందు పూసెయ్యండి పిన్నిగారండీ" అంది. "అది పూస్తే అంతా ఎర్రగానే ఉంటది కదా. ఎవరికి కనబడుద్ది?"

"నాకు కనబడింది కదమ్మా."

"మీరు చూళ్ళేదనుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

తన కాలు పోతుందేమోనని భయపడుతున్న మనిషి నా కాళ్ళు పట్టుకుంటానంటోంది. కానీ పచ్చిపుండు మీదుగా కత్తి వెళ్తే చీము వెన్నులోకి దిగుతుంది. అప్పుడు పోయేది పాదం ఒక్కటే కాదు. "నువ్వు ఎంత గట్టిదానివో చూశాను. నేనూ అంతే" అని చెప్పి, గుడ్డ కప్పి, వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను.

డాక్టరుగారు చూసి కోప్పడతారనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని ఆమె మొహానికి ఎదురుగా కూర్చున్నారు. పచ్చబొట్టు ఆపరేషన్‌కి అడ్డం కాదని నెమ్మదిగా చెప్పారు. స్కానులో కొందరికి కొంచెం వేడి తెలుస్తుంది, ఊరికే అడిగి ఉంచుతారు. మత్తు సూది సిరా లేని చోట చూసి వేస్తారు, చుక్కలకు పైవైపు ఖాళీ చర్మం ఎంతైనా ఉంది. "నీ ముగ్గు నాకు అడ్డం కాదమ్మా. నువ్వు చేసుకున్న పుండు అడ్డం. అది మానేదాకా నేను కత్తి పట్టను" అన్నారు.

"మరి నా కాలండీ?"

"నా భయం కూడా దాని గురించే. వారానికి రెండుసార్లు వచ్చి చూపించుకో. పాదం ఇంకా పడిపోయినా, నీకు తెలియకుండా ఒంటేలు పోయినా, ఏ వేళైనా వచ్చెయ్యి. అప్పుడు పుండు సంగతి చూడను."

ఏడుకొండలు మంచివాడే గానీ మెత్తని మనిషి. బయట బల్ల మీద కూర్చుని, అమ్మవారికి ఇష్టం లేదేమో, ఇంటికి పోదామని మొదలుపెట్టాడు. రత్నం మంచం దిగకుండానే జవాబిచ్చింది.

"అమ్మవారు వద్దనలేదండి. సున్నం రాసింది నేను. మాన్పుకునేదీ నేనే. ఆపరేషన్ అయ్యేదాకా కొల్లేరు వైపు ఎళ్ళను, ఇటే ఉంటాను. మీరెళ్ళాలంటే ఎళ్ళండి."

ఏలూరు పక్కనే వట్లూరులో వాళ్ళ అన్నయ్య ఇల్లుంది. అక్కడే ఉండిపోయింది. డ్రెస్సింగ్‌కి, అంటే పుండు కడిగి కట్టు మార్చడానికి, ఆటోలో వచ్చేది. నడుం ఆనించకూడదు కాబట్టి సీటు మీద ఒక పక్కకు ఒరిగి వచ్చేది. పాదం మరీ పడిపోకుండా తువ్వాలు కాలికి తగిలించి మీదకు లాగమని వ్యాయామం నేర్పేవాళ్ళు చెప్పారు. ఆ తువ్వాలు ఆమె మెడలోనే ఉండేది. వరండాలో తన వంతు వచ్చేదాకా కూడా లాగుతూనే ఉండేది. చెప్పు మాత్రం జారుతూనే ఉంది. ఏడుకొండలు ఏరుతూనే ఉన్నాడు. అతను ఇంటికి వెళ్ళలేదులెండి.

రెండో వారంలో అత్తగారు చంద్రమ్మగారే బయల్దేరి వచ్చింది, కోడల్ని తీసుకుపోవడానికి. వరండాలో చతికిలబడి అందరూ వినేలా ఏడ్చింది. ఆవిడ బాధలోనూ అబద్ధం లేదు. మనిషి పోయాక నగలు తీసేసుకుంటారు, చీర కాలిపోతుంది, పచ్చబొట్టొక్కటే మనిషి వెంట వెళ్తుందని మా వైపు పెద్దవాళ్ళ నమ్మకం.

"ఆ ముగ్గు కాస్తా చెరుపుకున్నావు. రేపు పైకెళ్ళాక మీ మామ్మ నిన్ను ఎట్టా గుర్తుపడుద్దే?" అంది.

రత్నం తువ్వాలు లాగడం ఆపలేదు. "నడిచెళ్తే గుర్తుపడుద్దండి. ఈ కాలు ఈడ్చుకుంటా ఎళ్తేనే, ఈవిడెవరో మా రత్నం కాదనుకుంటది."

చంద్రమ్మగారు ముక్కు చీది, నా వైపు తిరిగి, "ఇదెప్పుడూ ఇంతేనండి, మాట పడదు" అంది. సాయంత్రం బస్సుకి ఒక్కతే వెళ్ళిపోయింది. పోతూ పోతూ సంచిలోంచి వెన్న డబ్బా తీసి కోడలి పక్కన పెట్టింది. పుండు మీద రాయడానికి కాదు, అన్నంలోకి అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళింది.

మూడో వారం దాటాక ఒక రోజు సిస్టరుగారు కట్టు విప్పి నన్ను కేకేసింది. పక్కు ఊడిపోయి లేత చర్మం వచ్చింది. ఆ లేత చర్మం కిందనుంచి ఒక్కొక్కటిగా చుక్కలు మళ్ళీ తేలి కనబడుతున్నాయి. గీతలు కూడా. ఒక మూల కొంచెం మసకబారింది తప్ప ముగ్గు ముగ్గులాగే ఉంది. పచ్చబొట్టు సిరా చర్మం లోపలి పొరలో ఉంటుందనీ, పైపొర కాలితే పోదనీ డాక్టరుగారు చెప్పారు. నేను రత్నానికి చెబితే నమ్మలేదు. ఏడుకొండలు ఫోనులో ఫొటో తీసి చూపించాడు. చాలాసేపు చూసింది.

"మా మామ్మ మొండిదండి" అంది. కళ్ళు తుడుచుకుంది.

ఆపరేషన్ నాటికి ఆమె బొటనవేలు పైకి లేవడం పూర్తిగా ఆగిపోయింది. డాక్టరుగారు ఆ వేలు పట్టుకుని చూసి కేసు కాగితంలో రాసుకున్నారు. మత్తు డాక్టరమ్మగారు చుక్కలకు పైన ఖాళీ జాగా వేలితో తడిమి, ఈసారి రత్నానికి కూడా చెప్పి, అక్కడ సూది వేశారు. నడుం దగ్గర్నుంచి కిందికి మాత్రమే మొద్దుబారుతుంది, మనిషికి తెలివి ఉంటుంది. బోర్లా పడుకోబెట్టాక డాక్టరుగారు చర్మం మీద రాసే పెన్నుతో కోత గీతకు అడ్డంగా చిన్న చిన్న గీతలు గీశారు, కుట్టేటప్పుడు ఇటువైపూ అటువైపూ సరిగ్గా కలవడానికి. సగం గీసి ఆగి, "ఇక్కడ నాకు గీతలెందుకు, వాళ్ళ మామ్మే గుర్తులు పెట్టి ఉంచింది" అన్నారు.

రత్నం తల దగ్గర నేను నిలబడ్డాను. "ముగ్గు మధ్యలోంచేనాండి?" అని అడిగింది.

"మధ్యలోంచేనమ్మా. డిస్క్ సరిగ్గా దాని కిందే ఉంది."

"కొయ్యనియ్యండి. మామ్మకి నేను చెప్పుకుంటాను."

నరాన్ని నొక్కుతున్న ముక్క బయటికి వచ్చింది. కుట్టేటప్పుడు డాక్టరుగారు చుక్కకు చుక్క, మెలికకు మెలిక చూసుకుంటూ తీరిగ్గా కలిపారు. సున్నం తిన్న మూల మాత్రం కొంచెం ఎగుడుదిగుడుగా కలిసింది. సాయంత్రం మొద్దు దిగాక దుప్పటి తీసి వేలు ఎత్తమన్నాం. ఎంతసేపు చూసినా కదల్లేదు. నరానికి టైము పడుతుంది, తప్పకుండా వస్తుందని నేను చెప్పలేను అన్నారు డాక్టరుగారు. రత్నం తల ఊపి, మెడలో వేసుకునే ఆ తువ్వాలు ఇమ్మని చెయ్యి చాపింది.

ఆ తర్వాత నుంచి ప్రెప్‌కి వచ్చిన వాళ్ళను నేను ముందే అడుగుతున్నాను, ఒంటి మీద పచ్చబొట్టుందా అని. ఉందంటే అక్కడితో వదలను. దానివల్ల ఆపరేషన్ ఆగదు, మీ ఇష్టం వచ్చింది రాయకండి, ఏ భయమున్నా ముందు మాతో చెప్పండి అని కూర్చోబెట్టి చెబుతాను. ఈమధ్య కుర్రాళ్ళు తాడేపల్లిగూడెం వెళ్ళి మిషనుతో రెక్కలూ సింహాలూ వేయించుకుని వస్తున్నారు. వాళ్ళకీ ఇదే చెబుతాను. మనం సగం చెప్పి వదిలేసిన మాటను పేషెంటు ఇంటికి తీసుకెళ్ళి, మిగతా సగం తన భయంతో నింపుకుంటాడు. రత్నం నాకు నేర్పింది అది.

వేసవి చివర్లో ఒకరోజు నేను వార్డు నేల తుడుస్తున్నాను. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. టపటపమని, రెండు కాళ్ళదీ ఒకే చప్పుడు. తలెత్తితే రత్నం. గోడ పట్టుకోలేదు. వెనక ఏడుకొండలు చేతులు ఖాళీగా ఊపుకుంటూ వస్తున్నాడు. ఎడమకాలు ఇంకా కొంచెం ఎత్తి వేస్తోంది గానీ చెప్పు కాలికి కరుచుకుని ఉంది. తడినేల మీద చెప్పులతోనే నా దాకా నడిచొచ్చి నిలబడింది. నేను గుడ్డ పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయాను. విప్పమని అనలేదు.