విరిగిన సూది మొన

దర్జీ ఇరవై రెండేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టాడు. అక్కడ సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, తెల్లకాగితం మీద పేర్చి చూపిస్తేనే కొత్త సూది ఇచ్చేవాళ్లు. ఆ అలవాటు అతని వేళ్లలో ఇంకిపోయింది.

తర్వాత భార్య తమ్ముడు, తాను సూపర్‌వైజరుగా ఉన్న షెడ్డులో పని ఇప్పించాడు. అక్కడ ఒక అంతరిక్ష నౌకను బిగిస్తున్నారు. మనిషి లేకుండా ఆరేళ్లు ప్రయాణించి, ఒక రాక్షస గ్రహాన్ని చేరాలది. చలికి యంత్రాలు బిగుసుకుపోకుండా, వెండిరంగు పల్చటి పొరలు పేర్చి దానికి దుప్పట్లు కుట్టాలి. మనిషే లేనిదానికి దుప్పటేమిటని మొదట నవ్వుకున్న దర్జీ, తర్వాత కన్నబిడ్డకు కుట్టినట్టు కుట్టాడు. కాంట్రాక్టు పని. నౌక ఎగిరాక పర్మనెంట్ చేస్తామన్నారు. ఫైలు పెద్ద అధికారి బల్ల మీదికి చేరింది కూడా.

చివరి దుప్పటి తొడిగి అంచు కుడుతుండగా సూది విరిగింది. కాగితం మీద పేర్చి చూస్తే మొన లేదు. బియ్యపుగింజలో సగం ముక్క.

“వదిలెయ్ బావా, రేపు మూత బిగించేస్తారు. కొరివితో తల గోక్కుంటావా?” అన్నాడు బావమరిది.

“చొక్కాలో ఉంటే వేసుకున్నవాడు అబ్బా అంటాడ్రా. ఇది అనలేదుగా.”

“నీ ఉద్యోగం అంటుందిలే.”

మొన దొరకలేదని దర్జీ రిజిస్టరులో తన చేత్తోనే రాశాడు. దుప్పట్లన్నీ విప్పారు. తొమ్మిదో రోజు మొన దొరికింది, రెండు తీగలు కలిసేచోట. అక్కడే ఉండిపోతే నౌక దారిలోనే మూగబోయేదని ఇంజనీర్లే అన్నారు. రిపోర్టులో మాత్రం ‘కుట్టినవాడి అజాగ్రత్త’ అని రాశారు. తొమ్మిది రోజుల ఆలస్యానికి ఎవడో ఒకడు దొరకాలి కదా. పర్మనెంట్ ఫైలు సంతకం లేకుండానే వెనక్కి వచ్చింది. ‘సకాలంలో గుర్తించినందుకు’ బావమరిదికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అతను కాదనలేదు.

ఆరేళ్లు గడిచాయి. దర్జీ ఇప్పుడు మెట్ల కింద కొట్టులో ప్యాంట్ల పొడుగు తగ్గిస్తున్నాడు. మధ్యాహ్నం భార్య ఫోనులో గ్రహం ఫొటోలు చూపించింది.

“అబ్బ, ఎంతుందో చూడండి! మీ దుప్పట్లు చెక్కుచెదరలేదట. తమ్ముడు చెప్పాడు.”

“చిరిగుంటే నన్ను పిలిచేవాళ్లేమో.”

ఆమె మిషను పక్కకి జరిగింది. “ఒక్కమాట. మళ్లీ అలాంటిది జరిగితే చెప్తారా?”

దర్జీ మిషను తొక్కడం ఆపలేదు. “చెప్పను.”

ఆరేళ్లుగా ఆమె పోరింది ఆ మాట కోసమే. ఇప్పుడు ఫోను బోర్లించి, వేళాకోళమేమోనని భర్త మొహంలోకి వంగి చూసింది. కాదు.