వాగు అవతల సగం కంచం

సకల జనుల సమ్మెలో బడికి తాళం పడింది కాబట్టి పంతులమ్మనైన నాకు తీరికే తీరిక. ఏడో నెల గర్భంతో ఉన్న మా చెల్లె రజిత, మహదేవపూర్ దారిలోని అత్తగారింట్లో సగం కంచమే తింటోందని కబురొచ్చింది. నా ఒళ్లు మండిపోయింది. మా అక్క కడుపుతో ఉన్నప్పుడూ ఆమె అత్తగారింట్లో ఇట్లాగే తక్కువ పెట్టారు. ఆమె కూతురు శిరీషకు ఇప్పుడు ఆరేళ్లు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా రాలేదు. కడుపులోనే తిండి చాలలేదని డాక్టరు చెప్పాడు.

రైళ్లు కూడా ఆగడంతో బయల్దేరడం వారం వెనక్కి పోయింది. చివరికి ఒకరోజు ఉదయం ఏడింటికి జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. బస్సులు బంద్. ఈ దారిన పోయేవాళ్లు నీళ్లూ అటుకులూ దగ్గర పెట్టుకోవాలి, తిరుగు బండి మీద ఆశ పెట్టుకోకూడదు.

అక్క ఉండేది మహబూబాబాద్‌లో. స్టేషన్ బయట శిరీషను చంకనేసుకుని నిలబడి ఉంది. పిల్లను తీసుకుపోదామన్నది ఆమే.

"నోటితోని చెప్తె ఇంటరా? కండ్లతోని చూడనియ్యి" అంది.

నర్సంపేట దాకా ఆటో, అక్కడి నుంచి పరకాల మీదుగా జీపు. పరకాలలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జీపు ఆగింది. నేను సణుగుతుండగానే విస్తరాకులో వేడన్నం, పప్పుచారు వడ్డించారు. కడుపునిండా తిన్నాం. వడ్డించే పెద్దమనిషి శిరీషను చూసి, "బిడ్డకు మూడేండ్లుంటయా అక్కా?" అన్నాడు. అక్క ఆఁ అని తల వంచుకుని పిల్ల మూతి తుడిచింది.

జీపు మళ్లీ కదిలాక, పక్కన కూర్చున్న బొగ్గుబాయి కార్మికుడు, "గీ కొట్లాటంత మన పిల్లల కోసమే గదక్కా" అన్నాడు. నేనూ జెండా పట్టినదాన్నే, కాదంటానా? "ఇంక పుట్టనోళ్ల ముచ్చట గూడ ఏ మీటింగులనన్న తీసిన్రా అన్నా?" అన్నాను.

చెల్పూర్ పొగగొట్టాలు దాటి భూపాలపల్లిలో దిగేసరికి నాలుగు దాటింది. ఆ పైన ఒక ట్రాక్టరు మమ్మల్ని వాగు దాకా తీసుకుపోయింది. వాగు మీద వంతెన లేదు. చీరలు ఎత్తిపట్టి, మోకాలి లోతు నీళ్లలో దాటి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. ఊళ్లో కరెంటు లేదు.

రజిత చేతులు పుల్లల్లా ఉన్నాయి. చూడగానే ఆమె అత్త లచ్చవ్వ మీద విరుచుకుపడ్డాను. లచ్చవ్వ అంతా విని, నెమ్మదిగా చెప్పింది.

"నా బిడ్డ తొలి కాన్పుల పోయింది. కడుపుల పిల్ల పెద్దగుండె, బయటికి రాలె. మంచం మీదేసుకొని వాగు దాటిస్తుంటెనే పాణం పోయింది. పిల్ల చిన్నగుంటె ఇంట్లనే అల్కగ అయితది. అందుకే తక్కువ పెడ్తున్న. నా కోడలు బతకాలె."

అక్క శిరీషను ముందుకు జరిపింది. "నేను గిట్లనే తిన్ననమ్మా. దీనికి ఆరేండ్లు. జర చూడు."

లచ్చవ్వ పిల్ల తల నిమిరింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"నువ్వు బతికినవ్ గద బిడ్డా" అంది.

చెల్లెను మాతో పంపమని మర్నాడు పొద్దున లచ్చవ్వను అడిగాను. "మొన్ననే ఎనిమిదో నెల పడ్డది. ఎనిమిదిల కదిలియ్యరు" అంది. పోయిన వారం వచ్చి ఉంటే పంపేదట. నేను తెచ్చిన గుడ్లు ఉడికించి రజిత ముందు పెట్టాను. "వద్దక్కా, నాకు బయమైతది" అని రజిత వాటిని శిరీష నోట్లో పెట్టింది. పిల్ల ఆకలిగా తింది.

మళ్లీ అదే వాగు, అవే జీపులు. ఎవరినైనా తిట్టి రావాలని పోయినదాన్ని, ఎవరిని తిట్టాలో తెలియకుండా తిరిగొచ్చాను. ఆ ముసలామెది పాపమని అనలేను. వంతెన లేని ఊళ్లో, దవాఖాన లేని ఊళ్లో, తల్లిని బతికించుకోవడానికి వాళ్లకు దొరికింది పిల్ల కంచమొక్కటే.

మహబూబాబాద్‌లో నా రైలు కూత పెట్టింది. అక్క శిరీష మొహం మీద కొంగు కప్పింది. ఎండ తగలకుండా అనుకున్నాను.

"ఇగ నా బిడ్డను ఎవ్వలకు చూపియ్యనే" అంది.