కాలువ కట్టేసిన రోజుల్లో వచ్చిన నీళ్లు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ కిందటేడు మే నెలలో నా కళ్లతో చూసినదానికి ఇంతవరకు కారణం దొరకలేదు.

నేను సివిల్ ఇంజనీరుని. రాజమండ్రికి దిగువన, కాలువ గట్టు మీద, తాతల కాలం నాటి చేపల ప్రదర్శనశాల ఒకటి చాలా ఏళ్లుగా మూతబడి ఉంది. దాన్ని బాగుచేసి మళ్లీ తెరిచే పని నాకు అప్పగించారు. పూర్వం కాలువ నీరు నేల కింది ఇటుక తూము గుండా తొట్లలోకి దానంతటదే వచ్చేదట. ఆ తూము పనికొస్తే బోరు అక్కర్లేదు, మోటారూ అక్కర్లేదు.

తూములోకి పాకి చూడాల్సింది నేను. నాకు ఇరుకు చోట్లంటే భయం. ఆ మాట చెప్పుకోలేక, దిగకుండానే 'పరిశీలించాను, కూలిపోయింది' అని రిపోర్టు రాసేశాను. తూమును కాంక్రీటుతో నింపేసి బోరు వేయాలని నిర్ణయమైంది. కాలువ వైపు దాని నోటికి గోడ కూడా కట్టించాను.

అక్కడ ముప్పై ఏళ్లు చేపలకు మేత వేసిన సూర్యనారాయణ గారు ఈ సంగతి విని, కర్ర పట్టుకుని వచ్చారు.

"ఏంటి బాబూ, కూలిపోయిందని రాశారంట? దిగి చూశారా అండి?"

"చూశానండి."

ఆయన నా తెల్ల చొక్కా వంక చూశారు. "మట్టంటకుండా భలే చూశారండి! లోపల మొసళ్లేం ఉండవు. ఏటా ఎండాకాలం కాలువకు నీళ్లు కట్టేశాక నేనే దిగి పూడిక తీసేవాణ్ణి."

మేస్త్రీ వీర్రాజు నవ్వు ఆపుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే కాంక్రీటు పోయమన్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తాళం నేనే తీశాను. నడిమి పెద్ద తొట్టిలో మూరెడు లోతు నీళ్లున్నాయి.

"అయ్ బాబోయ్! ట్యాంకరేమన్నా వచ్చిందా అండి?" అన్నాడు వీర్రాజు.

రాలేదు. కాలువ కట్టేసి నెల దాటింది. వెళ్లి చూస్తే కాలువ అడుగున మట్టి బీటలు వారి ఉంది. నేను కట్టించిన గోడకు చెమ్మ కూడా లేదు.

తొట్టిలో నీరు తేటగా ఉంది. అందులో వేలెడంత చేపపిల్లలు, వందల్లో. నీరు కదలడం లేదు. అయినా అవన్నీ ప్రవాహానికి ఎదురీదుతున్నట్టు తూము నోటికేసి తలలు పెట్టి నిలబడి ఉన్నాయి. కప్పు అద్దాల్లోంచి పడే ఎండకు వాటి వీపులు మెరుస్తున్నాయి. చెప్పులు ఎప్పుడు విప్పానో నాకు గుర్తులేదు.

సూర్యనారాయణ గారిని పిలిపించాను. ఆయన చూసి చేతులు జోడించారు.

"నేను దిగలేదండి. అబద్ధం రాశాను," అన్నాను.

"తెలుసండి. ఇప్పుడు దిగండి. పైనుంచి నేను మాట్లాడుతూ ఉంటాను."

కాంక్రీటు ఆపించి, బయట తూము మీద ఉన్న మూత తీసి దిగాను. ఆయన గొంతు వింటూ మోకాళ్ల మీద పాకాను. తూము ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెక్కుచెదరలేదు. పొడిగా ఉంది. పైకొచ్చి చూస్తే తొట్టి ఖాళీ. చేపలు లేవు. తొట్టి దగ్గరే ఉన్న వీర్రాజు కూడా అవి ఎటు పోయాయో చెప్పలేకపోయాడు.

నా రిపోర్టు తప్పని రాసిచ్చాను. తూము నోటికి కట్టించిన గోడ పగలగొట్టించాను. మాటలు పడ్డాను. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలారు. మోటారు లేకుండానే తొట్లు నిండాయి.

ఆ ఉదయం తీసిన ఫొటో నా ఫోనులో ఉంది. చూసినవాళ్లు ఎడిటింగ్ అంటారు. ఒకసారి అబద్ధం రాసినవాణ్ణి, వాదించను. ఆ నీళ్లు ఎక్కడివో నాకు నిజంగా తెలియదు. తొట్టి గోడ మీద మూరెడు ఎత్తున వాటి గీత మాత్రం మిగిలింది. అక్కడ సున్నం వేయనివ్వలేదు.