ఆఖర్న తెరిచే కండ్లు

నంద్యాలలో మా పక్కింటివాళ్లు రాయి కోయిస్తాండారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా కండ్లు వాటంతటవే మూసుకున్నాయి.

పందొమ్మిదివందల డెబ్బైలలో, ఆళ్లగడ్డలో మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. కండ్లు మాత్రం ఆఖర్న. "తెరవంగానే దేవునికి మంచివే కనపడాలమ్మా" అని ఎదురుగా అద్దమూ, ఆవూదూడా పెట్టించేవాడు. అంతవరకూ అది ఒట్టి రాయే, దానికేమీ తెలీదనేవాడు.

నేను బళ్లో చేరిన ఏడు అమ్మా నాయనా రోజూ అరుచుకునేవాళ్లు. ఎందుకో నాకు తెలీదు. నేను కండ్లు మూసుకుని రాయినైపోయేదాన్ని. లోపల చల్లగా, నీళ్లడుగున ఉన్నట్టుండేది. రానురాను బడిలోనూ అంతే. అయ్యవారు పలక చూడమన్నా తెరిచేదాన్ని కాదు.

అయ్యవారు పిలిపిస్తే అమ్మా నాయనా ఇద్దరూ బడికి వచ్చినారు.

"ఏందమ్మా, ఎందుకు మూసుకుంటాండావు?" అన్నాడు నాయన.

"మంచివి కనపడితే తెరుస్తా."

అమ్మ గాజుల చప్పుడు నాయన పక్కకు జరిగింది. తర్వాత రాతిపొడి వాసనేసే చెయ్యి నా రెప్పలు తుడిచింది. తెరిచినాను. ఎదురుగా అమ్మా నాయనా పక్కపక్కనే కూచోని నవ్వుతాండారు.

ఆ నవ్వు నాకోసం ఇద్దరూ కలిసి చెక్కిందని తెలిసేసరికి నాకూ పిల్లలు పుట్టినారు.