మడతలో నత్త

ఆ వీధి పిల్లలు ఆమెను నత్తలావిడ అంటారు. ముప్పై ఏళ్ల క్రితం ఆమె కథ రాసి, బొమ్మలు వేసిన మొదటి పుస్తకం ఒక నత్త గురించి. పనిలోనూ ఆమెది నత్తనడకే. ఒక్క బొమ్మకు నెల పడుతుంది. రంగు ఆరేదాకా కిటికీ పక్కన ఊరికే కూర్చుంటుంది. నీళ్ల గ్లాసనుకుని కుంచెను టీ గ్లాసులో ముంచుతుంది.

"మళ్లీ ముంచావూ?" అంటుంది అక్క, పక్క గదిలో మిషను ఆపకుండానే. "పోన్లే, నువ్వు పెట్టిన టీకి ఇవాళైనా రంగొచ్చింది."

అక్క బట్టలు కుడుతుంది. ఒకే ఇల్లు, రెండు గదులు. ఒకదానిలో కాగితం, ఒకదానిలో గుడ్డ.

ఏ పుస్తకానికైనా ముందు చెల్లెలు కాగితాలు మడిచి నమూనా తయారుచేస్తుంది. మడతలో దారం వేసేది అక్క. కుట్టాక పేజీలు తిప్పుతూ పైకి చదివి, తోచింది మొహమాటం లేకుండా చెబుతుంది. మొదటి పుస్తకానికీ అలాగే చెప్పింది. అందులో ఒకచోట వాన. రెండు పేజీల నిండా తడిసిన గోడ. సరిగ్గా మధ్యలో గోరంత నత్త.

"ఇది కుట్లోకి పోతుందే," అంది అక్క. "చొక్కా కత్తిరించేటప్పుడు కుట్టుకోసం కాస్త గుడ్డ వదలమూ? నువ్వూ వదలాలి."

"ఇది చొక్కా కాదక్కా, పుస్తకం."

నమూనాలో దారం వదులు. నత్త చక్కగా కనిపించింది. అచ్చాఫీసువాళ్లు బిగించి కుట్టారు. పుస్తకం చేతికొచ్చింది. 'గోడ మీద నత్త ఉంది' అన్న వాక్యం ఉంది. నత్త లేదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు మాత్రం అది పంటి కింద రాయి. ఆ తర్వాత పంతొమ్మిది పుస్తకాలు వేసింది. ఒక్కదానిలోనూ మడత దగ్గర ఏదీ పెట్టలేదు. మనుషులూ జంతువులూ ఇటో అటో నిలబడతారు. నడుమ ఆకాశం, గడ్డి, ఉత్త నేల. ఖాళీని ఇంత లోతుగా వాడేవారు అరుదని ఒక సభలో ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికొచ్చాక అడ్డం తీసి నవ్వింది.

ఈ మధ్య ప్రచురణకర్త ఫోన్ చేసింది. ఆ మొదటి పుస్తకం మళ్లీ వేస్తున్నారట.

"ఆ గోడ బొమ్మ సరిచేసి ఇస్తారా మేడమ్? పది రోజులే టైముంది."

ఎనిమిది రోజుల్లో వేసింది. తన జన్మలో అంత తొందరగా ఏదీ వేయలేదు. నత్త కుడి పేజీకి జరిగింది. తన సిగ్గు ఇక ఎవరి కంటా పడదు. ఒక్క గోడ రంగు మాత్రం పాతదానితో సరిచూడాలి. ఇంట్లో ఉన్న కాపీ ఎండకు వెలిసిపోయింది. లైబ్రరీకి వెళ్లింది.

"అదా? నా ప్రాణం తీస్తోందండీ ఆ పుస్తకం," అంది లైబ్రేరియన్, బీరువా తెరుస్తూ. "ఎన్నిసార్లు అతికించినా ఒకే చోట విరుగుతుంది. ఇది మూడో కాపీ."

బల్ల మీద పెట్టగానే పుస్తకం దానంతటదే గోడ బొమ్మ దగ్గర తెరుచుకుంది. మడత పొడవునా టేపు. టేపు అంచులు వేళ్ల మురికితో నల్లబడ్డాయి.

పక్క కుర్చీలో చదువుకుంటున్న ఆరేళ్ల పాప తొంగి చూసింది.

"అక్కడ నత్తుంది."

"ఏదీ? లేదే," అందామె.

"అలా చూస్తే కనిపించదు. ఇలా లాగాలి." పాప రెండు బొటనవేళ్లూ మడతలో పెట్టి బలంగా విప్పింది. టేపు చిటపటలాడింది. లోపల గోధుమరంగు గుల్ల అంచు. "చూశారా? వానొస్తోందని లోపలికెళ్లి దాక్కుంది."

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. అమ్మ చిన్నప్పుడు కూడా నత్త ఇక్కడే ఉండేదట."

"లాగకే తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అంది లైబ్రేరియన్.

ఆమె రంగు చూడడం మరిచిపోయి ఇంటిదారి పట్టింది. తన మిగతా పంతొమ్మిది పుస్తకాల్లో మడత దగ్గర ఏ పాపా వేళ్లు పెట్టి ఉండదు. వెతకడానికి అక్కడేమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క కొత్త బొమ్మను చేయిచాచి పట్టుకుని చూస్తోంది.

"ఇదీ వరస. ముప్పై ఏళ్లకైనా నా మాట విన్నావు."

"వినడంలేదక్కా," అని చెల్లెలు లైబ్రరీలో చూసిందంతా చెప్పింది.

అక్క బొమ్మను బల్ల మీద పెట్టింది. "అంటే, తప్పని తెలిసీ అలాగే ఉంచుతావా?"

"తప్పే. నువ్వు చెప్పిందే నిజం. అయినా ఉంచుతాను."

అక్క మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించింది.

"సరే, నీ ఇష్టం," అంది. "కానీ కుట్టైనా గట్టిగా వేయించు. పిల్లల బట్టలకి జేబుల దగ్గర రెండు వరసలు వేస్తాను నేను. లాగుతారని తెలుసుగా."

చెల్లెలు ఫోన్ అందుకుంది.

"నత్తను కదపొద్దమ్మా. పాత బొమ్మే వేయండి. కుట్టు మాత్రం రెండు వరసలు వేయించండి."

"రెండు వరసలా? ఎందుకు మేడమ్?"

"మా అక్క చెప్పింది," అందామె.