గ్రహణం రోజు బెన్హర్ పందెం

మా అరసవల్లి వీధికి కేబుల్ టీవీ మనిషి బెన్హర్. స్తంభం ఎక్కాడంటే దిగేదాకా నోరు మూయడు. సినిమాలో హీరో ఒక్క గుద్దు గుద్ది రౌడీని గాల్లోకి లేపితే చాలు, పాఠం మొదలు.

"అంత గట్టిగా గుద్దితే హీరో కూడా ఎనక్కి ఎగిరిపోవాల గదా! న్యూటన్ సెప్పినాడు."

"న్యూటన్ సంగతి తరవాత, ముందు మా బొమ్మ సరిసెయ్" అనేవారు కింద నిలబడ్డ ఆడవాళ్లు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని ఒకనాడు చెబితే, "మరి సీరియల్లో అత్తకి ఒక్కటీ లేదేటి?" అని నేనే అడిగాను. పడీ పడీ నవ్వాడు. వాగుడుకాయే గానీ మనసు వెన్న.

2019లో క్రిస్మస్ మర్నాడు సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం పట్టగానే మావాళ్లు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. ఎదురింటి గున్నమ్మకైతే గడియారం లెక్కే లేదు, రోకలి చెప్పిందే వేదం.

"పిన్నీ, అడుగున ఇనప కట్టు, అదే పొన్ను, సదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడతాది. గ్రహణం ఇడిసినాక అందరి ముందూ నిలబెట్టి సూపిస్తాను, సూడు" అని బెన్హర్ ఆవిడతో పందెం వేశాడు. ముందు వారమంతా మా పెరట్లో మా రోకలితో సాధన చేశాడు. నిలబెట్టిన ప్రతిసారీ నిలబడింది.

గ్రహణం రోజు గున్నమ్మ ఇంట్లో టీవీ రావడం లేదంటే వచ్చాడు. వాకిట్లో రోకలి నిటారుగా ఉంది, చుట్టూ వీధి జనం. గున్నమ్మ మనవరాలు నీలవేణికి ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణంలో కదలకూడదని తెల్లవారకముందే ఆ పిల్లని చీకటి గదిలో పడుకోబెట్టారు. రాత్రి తిన్నది కాస్తా వాంతైపోయింది. అప్పటినుంచి చుక్క నీళ్లు లేవు.

"అమ్మమ్మా, కళ్లు తిరుగుతన్నాయి. గుక్కెడు నీళ్లియ్యే" అని లోపల్నుంచి నీరసంగా గొంతు వినిపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్ల పడిపోయేలా ఉంది, ఇచ్చీ పిన్నీ!" అన్నాను.

"రోకలి నిలబడుండగా ఎలాగిస్తానే? పుట్టే బిడ్డకి మొర్రొస్తే నువ్వు సమాధానం సెప్తావా?" గున్నమ్మ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆవిడది పంతం కాదు, భయం.

"పిన్నీ, గ్రహణమంటే ఉత్త నీడే..." అని బెన్హర్ అందుకోబోతే, "సర్చికెళ్లేవోడివి, మా గ్రహణాల జోలి నీకెందుకురా!" అని కసిరింది.

అతను కేబుల్ వైరు పట్టుకుని వాకిట్లోంచి వెనక్కి వెనక్కి నడిచాడు. అందరి చూపూ గదివైపే ఉంది. వైరు తగిలి రోకలి దభీమని పడింది.

"పడిపోనాది! గ్రహణం ఇడిసిపోనాది!" అంటూ గున్నమ్మ చెంబెత్తుకుని లోపలికి పరిగెత్తింది. నేను ఫోనులో టైము చూశాను. గ్రహణం విడవడానికి ఇంకా చాలాసేపుంది. గబుక్కున ఫోను బొడ్లో దోపేసుకున్నాను.

"ఏరా బెన్హరూ, ఇడిసిపోనాది గదా! నిలబెట్టు మరి!" అని జనం అల్లరి మొదలెట్టారు.

బెన్హర్ రోకలి అందుకుని గదివైపు చూశాడు. నీలవేణి గోడకి ఆనుకుని గటగటా తాగుతోంది. ఇప్పుడు రోకలి గానీ నిలబడిందా, గ్రహణం ఇంకా ఉందని గున్నమ్మ ఆ చెంబు లాగేసుకుంటుంది. బెన్హర్ రోకలి నిలబెట్టి వదిలాడు. పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. వదిలేముందు చిటికెనవేలితో దాన్ని పక్కకి నెట్టడం నాకొక్కదానికే కనిపించింది. వీధంతా గొల్లున నవ్వుతుంటే నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

"ఏటైపోనాదిరా నీ సైన్సు?" అని గుమ్మంలోంచి గున్నమ్మ వెక్కిరించింది.

"ఓడిపోనాను పిన్నీ" అన్నాడు బెన్హర్, తల దించుకుని. "పిల్లకి రవ్వంత గంజి కూడా పట్టించు."