రైలు గేటు అవతల

దగ్గరికి జరగండమ్మా. నా గొంతు ఇదివరకటిలా లేదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికే పోతాయి. మా అన్నయ్య ఇల్లుబండి కట్టి దేశం తిరగడానికి బయలుదేరిన రోజు సంగతి చెబుతాను. ఆ కథ మా వాళ్ళందరికీ వచ్చు. అందరూ నవ్వుతూనే చెబుతారు. నేను చెబితే కొంచెం వేరేగా ఉంటుంది.

అప్పటికి గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. అన్నయ్య పోర్టులో మెకానిక్కు. మా కాపురం కంచరపాలెంలో. ‘మా’ అంటున్నాను గాని, అది అన్నయ్యదీ వదినదీ కాపురం. నా భర్త పోయాక పద్మనాభం నుంచి ఒక ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చి అక్కడ చేరాను. ఇరవై రెండేళ్ళు నాకు. తర్వాత నాలుగేళ్ళలో నేను తిరిగిందల్లా వీధి కుళాయీ, కూరల బజారూ.

ఆ రోజుల్లో అన్నయ్య ఒక పాత వ్యాను కొన్నాడు. ఒకప్పుడు పల్లెలకు మందులు తీసుకెళ్ళే బండట అది. ఆరు నెలలు ఆదివారాలన్నీ దాని కిందే పడుకున్నాడు. లోపల రెండు బల్లలు మంచాల్లాగా బిగించాడు. మూల కిరసనాయిలు స్టవ్వు, పైన నీళ్ళ డ్రమ్ము, దానికో చిన్న కుళాయి. డ్రైవరు కూర్చునే చోటికీ వెనక గదికీ మధ్య రేకు గోడ. ముందువాళ్ళు వెనకవాళ్ళకి కనబడరు, గట్టిగా అరిచినా వినబడరు. కిటికీ తెరలు నేనే కుట్టాను, పాత చీరలు చింపి. ఉతికి ఆరేస్తే పోర్టు ఇనుపరాయి ధూళి పడి ఎర్రబడ్డాయి, మళ్ళీ ఉతికాను.

పూరీ, కలకత్తా, కాశీ, అటునుంచి ఢిల్లీ. “నువ్వూ రావాలే సెల్లీ, నువ్వు లేకపోతే మాకు వండేదెవలు?” అన్నాడు అన్నయ్య. వేళాకోళానికే అన్నాడు లెండి. వంటకైతేనేం, నన్ను తీసుకెళ్తున్నారు. నెల రోజులు కుళాయి దగ్గర కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను.

బయలుదేరే రోజు తెల్లారకముందే లేచి పులిహోర కలిపాను. గిన్నె మీద మూత పెట్టి, గుడ్డతో కట్టి, గట్టిగా ముడేశాను. వీధిలో అన్నయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. మాతో వస్తున్న వదిన వాళ్ళ అమ్మ కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. వదిన వంటింట్లోకి వచ్చింది, నా వైపు కాకుండా పొయ్యి వైపు చూస్తూ.

“ఏటనుకోకే పిల్లా. మా అమ్మ పాత మనిసి. బండి కదిలినప్పుడు ఎదురుగా... నీకు తెలుసు గదా.”

తెలియకేం. భర్త పోయినదాని మొహం చూసి ప్రయాణం మొదలుపెట్టకూడదు.

“తెలుసొదినా.”

“దొడ్డిదారంట ఎల్లి రైలు గేటు అవతల నిలబడు. నాను రేకు మీద కొట్టి బండి ఆపిత్తాను, ఎక్కీద్దువు గాని. మీ అన్నయ్యకి సెప్పకు, మా అమ్మతో గొడవెట్టుకుంతాడు.”

వెళ్ళాను. గేటు దాటి రోడ్డు పక్కన నిలబడ్డాను. అంతలో గేటు పడింది. ఇనుపరాయి వేసుకుని గూడ్సు బండి వచ్చింది. దానికి అటువైపు మా వ్యాను వచ్చి ఆగింది. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులోంచి నేను కుట్టిన తెర ఇంత కనబడేది, మళ్ళీ ఇనుము అడ్డం వచ్చేది. గూడ్సు ఎంతకీ అవలేదు.

గేటు లేవగానే లారీలు, ఎడ్లబళ్ళు, రిక్షాలు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నేను చెయ్యి ఎత్తాను. అన్నయ్య చూపంతా పక్కన రాసుకుంటూ వస్తున్న లారీ మీదుంది. బండి నా ముందు నుంచే పోయింది. వెనక కిటికీలో అన్నయ్య చిన్న కూతురు నన్ను చూసింది. నవ్వి, చెయ్యి ఊపి టాటా చెప్పింది. నేను కూడా ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు తెలియదు.

కొంచెం ముందుకెళ్ళి ఆపుతారనుకుని నడిచాను. ఆపలేదు. నీడ కాళ్ళ కిందికి వచ్చేదాకా ఉండి ఇంటికి తిరిగొచ్చాను. తాళం. మెట్టు మీద కూర్చున్నాను.

పక్కింటామె చూసింది. “ఏటమ్మా, దిగబెట్టీసి ఎల్లిపోనారేటి?”

“లేదు పిన్నీ. సామానేదో మరిసిపోనారు, వత్తారు.”

“వత్తే మంచిదే,” అని, ఒక గ్లాసు మజ్జిగ పెట్టి లోపలికి పోయింది.

రాకపోతే ఎలాగన్న భయం లేదు నాకు. ఏ ఊళ్ళో గుర్తొస్తానా అని, అదొక్కటే. తగరపువలసలోనా, శ్రీకాకుళంలోనా? పూరీ చేరేదాకా గుర్తురాకపోతే?

పొద్దు వాలుతుండగా అన్నయ్య వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

“బుర్రుందేటే నీకు? గేటు కాడ ఏటి సేత్తన్నావ్?”

“బండేది అన్నయ్యా?”

“తగరపువలసలో ఉంది. బయల్దేరిన బండి ఎనక్కి తిప్పకూడదని మా అత్త ఒకటే గోల. బస్సెక్కొచ్చాను, అది దొరికీసరికి ఇంతసేపయ్యింది.”

“ఎప్పుడు తెలిసినాది?”

తల దించుకున్నాడు. “తగరపువలసలో బండి ఆపగానే గుంటలు ఆకలన్నారు. పులిహోర ముడి ఎవలికీ రాలేదు. మీ అత్తని పిలవండ్రా అన్నాను. మీ వదిన నువ్వు ముందున్నావనుకుంది, నాను ఎనకున్నావనుకున్నాను. చిన్నదేమో, గేటు కాడే అత్తకి టాటా సెప్పీసాను గదా అంటాది!”

బండి గేటు దగ్గర ఆగింది కదా, అప్పుడే నేను ఇవతలికి వచ్చి ముందువైపు ఎక్కేశాననుకుని ఉంటుంది వదిన.

“అసలు గేటు కాడికి ఎందుకెల్లావే?”

జవాబు నా నాలుక చివరే ఉంది. చెబితే అన్నయ్య తగరపువలసలో దిగగానే వాళ్ళిద్దరి మీదా పడతాడు. కాశీ అక్కడితో సరి.

“ఊరికే. నడవాలనిపించింది.”

బస్సులో మధురవాడ జీడితోటలు దాటేదాకా తిట్టాడు. తర్వాత కోపం పోయి నవ్వడం మొదలుపెట్టాడు. కండక్టరుకి కూడా చెప్పాడు.

వదిన వ్యాను పక్కన నిలబడి ఉంది. మొహంలో నెత్తురు లేదు.

“నడవాలనిపించిందట మారాణికి!” అన్నాడు అన్నయ్య. పిల్లలు నవ్వారు. వదిన వాళ్ళమ్మ కూడా నవ్వింది. వదిన నవ్వలేదు, నా వైపే చూసింది. నేను కూర్చుని పులిహోర ముడి విప్పాను. వదిన మొదటి ఆకు నా చేతిలో పెట్టి, “నువ్ తిను ముందు,” అంది. ఆ సంగతి మీద మా మధ్య నడిచిన మాట అదొక్కటే.

పూరీ చూశాను, కాశీ చూశాను. దారంతా వండాను. రోజూ బండి కదిలేముందు వదిన దిగి వచ్చి, నా రెక్క పట్టుకుని, వాళ్ళమ్మ కంటే ముందు నన్నెక్కించేది. ప్రేమకో, ఎక్కడ చెప్పేస్తానో అన్న భయానికో నాకు తెలియదు. అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట ఏ పెళ్ళయినా ఆ కథ రావాల్సిందే. “మా సెల్లి బండిని వదిలీసి నడక మొదలెట్టింది,” అని అన్నయ్య పోయేదాకా చెప్పాడు. నేనూ నవ్వేదాన్ని. అంతమంది నవ్వుల మధ్య వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు వదిన కూడా లేదు. అందుకే మీకు చెప్పాను.

చల్లగా ఉండండమ్మా. మీ గడప ముందు నుంచి ఏ బండి కదిలినా, లోపలున్నవాళ్ళని పేరు పేరునా పిలిచాకే కదలాలి. పిలిచిన ప్రతి పేరుకీ లోపలి నుంచి పలుకు రావాలి.